మిషన్ తోకకు చిలుకల బట్ట

మా ఇంట్లో ప్లగ్గు పెట్టే ప్రతి వస్తువుకీ ఒక బట్ట ఉండేది. టీవీకి గులాబీల బట్ట, మిక్సీకి గౌను, ఫ్రిజ్ నెత్తిన దారపు అల్లిక. ఫోన్ వచ్చిన రోజు సాయంత్రానికల్లా దానికో టోపీ. అన్నీ నేను కుట్టినవే. కరెంటు వస్తువు బట్ట లేకుండా నిలబడితే నాకు స్నానాల గదిలోంచి పరుగెత్తుకొచ్చిన పసిపిల్లను చూసినట్టుండేది, ఎవరైనా ఏదో ఒకటి కప్పండమ్మా అనిపించేది. ఈ జబ్బు నాకొక్కదానికే కాదు. ఆ రోజుల్లో మహారాష్ట్రలోని మా చంద్రపూర్‌లో ఎవరింటికి వెళ్లినా రేడియో కూడా పెళ్లికూతురిలా ముసుగేసుకుని కూర్చునేది. ఈ సంగతి జ్ఞాపకం పెట్టుకోండి, ముందు దీనితో పనుంది.

మా ఆయన జిరాక్స్ దుకాణం కోర్టు కచేరీకి పోయే దారిలో ఉండేది. పరాయి దేశాల సరుకు గేట్లు ఎత్తినట్టు మన బజారులోకి వచ్చి పడుతున్న కాలం. నిన్నటిదాకా రెండే రకాల సబ్బులున్న కిరాణా కొట్లో గోడ నిండా రంగురంగుల సబ్బులు. ఒకటే చానెల్ వచ్చిన టీవీలో ఎప్పుడు చూసినా పాటలు. ఆ వరదలోనే, జపాన్‌లో ఏ ఆఫీసులోనో కొన్నాళ్లు చాకిరీ చేసి, ఓడెక్కి బొంబాయిలో దిగి, నాగపూర్ దాకా వచ్చిన ఒక పెద్ద మిషన్ మా ఆయన కళ్లబడింది. దాన్ని అమ్మే మనిషే దాన్ని బాగుచేసే మిస్త్రీ కూడా. మంచి మనిషి. ‘ఒక వారం నడిపి చూడండి. శనివారం టెంపో వేసుకుని మళ్లీ వస్తాను. నచ్చితే ఉంచుకోండి, నచ్చకపోతే అదే టెంపోలో వాపసు తీసుకుపోతాను’ అన్నాడు.

ఇందులో నా సంగతి ఏమిటంటే, పాత చిన్న మిషన్ ఒక్కడి పని. కాగితం పెట్టు, మూత వెయ్యి, మీట నొక్కు, అంతే. ఈ పెద్దదానికి ఇద్దరు కావాలి. గిరాకీ చూసుకునేవాళ్లు ఒకరు, మిషన్ పక్కన నిలబడేవాళ్లు ఒకరు. ఆ రెండో మనిషిగా నన్ను రమ్మన్నాడు మా ఆయన. అప్పటికి పెళ్లయి పన్నెండేళ్లు. ఆ పన్నెండేళ్లలో మధ్యాహ్నం పూట బజారు ఎలా ఉంటుందో నేను చూడలేదు. మా ఆయన భోజనానికి ఇంటికొచ్చి, తిని, వెళ్లిపోయేవాడు. ఆ తర్వాత ఇంట్లో అత్తమ్మ, నేను, ఆవిడ కునుకు, గోడ గడియారం. నేనేమో గోండ్‌పిప్రిలో మా నాన్న బట్టల దుకాణంలో, గల్లా పక్కన కూర్చుని పెరిగినదాన్ని. నాలుగో తరగతి దాకా మరాఠీ బడి, ఆపైన చదువంతా బట్టల బేళ్ల మీద రాసి వచ్చే తెలుగు అక్షరాలే. మనుషులు వచ్చీ పోయే గుమ్మం రుచి ఏమిటో నాకు తెలుసు. మా ఆయన అడిగీ అడగకముందే, పిండి చేతులతోనే, సరే అన్నాను.

అత్తమ్మ మాత్రం వక్క కొరుకుతూ తీర్పు చెప్పింది.

“సరే, వారం రోజులు పో. మిషన్ నిలబడితే నువ్వు గూడ దుకాణంలనే ఉండు. మిషన్ నాగపూర్‌కు మర్లిపోయిందనుకో, నువ్వు వంటింట్లకు మర్లి రావాలె. మల్ల మాట మార్చద్దు.”

“మార్చను అత్తమ్మా.”

“నిన్ను గాదే. గా నవ్వుకుంట నిలబడ్డడు సూడు, మీ ఆయనకు చెప్తున్న. వాడే మాట మారుస్తడు.”

ఆదివారం మిస్త్రీ వచ్చి మిషన్‌ను నిలబెట్టాడు. దాని ఎడమ పక్కన ఇంకో డబ్బా అతికించి ఉంది. ఫినిషర్ అంటారట. మా ఇంట్లో అది ‘తోక’ అయింది. లోపలినుంచి వచ్చిన కాగితాలను ఈ తోక పేజీల వరసలో పేర్చుకుంటుంది, రెండు పక్కలా తట్టి సమానం చేస్తుంది, మూలన టక్కుమని పిన్ను కొట్టి బయటి పళ్లెంలోకి తోస్తుంది. పళ్లెం పైకి వాలుగా ఉంటుంది. తోసిన కట్ట ఆ వాలు మీద వెనక్కి జారి తోక గోడకు ఆనుకుంటుంది. దాని మీద ఇంకో కట్ట, ఆపైన ఇంకోటి. పళ్లెం మధ్యలో శనగబద్దంత గాజు కన్ను ఉంది. కాగితాలు ఉన్నాయా, తీసేశారా అని చూసుకునేది ఆ కన్నే. మిస్త్రీ అయిదు కట్టలు తీసి చూపించాడు. అయిదూ కోసి పెట్టిన మైసూర్‌పాక్ ముక్కల్లా ఒకదాని మీద ఒకటి కూర్చున్నాయి. నాకు చప్పట్లు కొట్టాలనిపించింది. కొట్టాను కూడా.

మిస్త్రీ అటు వెళ్లాడో లేదో నేను ఇంటికి పోయి బట్ట తెచ్చాను. మందపాటి తెల్ల దోసూతి గుడ్డ, దాని మీద ముక్కూ ముక్కూ ఆనించుకున్న రెండు పచ్చ చిలుకలు. మిషన్ నెత్తిన కప్పుదామంటే మూత ఎప్పుడూ తీస్తూ వేస్తూ ఉండాలి. చూడముచ్చటగా ఖాళీగా ఉన్న చోటు ఆ పళ్లెం ఒక్కటే. నాలుగు మూలలకూ నాడాలు కుట్టి, పళ్లానికి గట్టిగా కట్టేశాను. వేడి వేడి కాగితాలు ప్లాస్టిక్ మీద పడే బదులు మెత్తగా చిలుకల మీద పడతాయి కదా. మా ఆయన దూరం నిలబడి, తల ఇటు వంచి అటు వంచి చూసి, “అబ్బ, ఏం కళ వచ్చిందే దుకాణానికి!” అన్నాడు. ఈ మాట ఆయన అన్నాడని నేను ఇవాళ్టికీ గుర్తుచేస్తుంటాను.

సోమవారం పొద్దున తొలకరి జల్లు కురిసింది. బళ్లు తెరిచే రోజులు, దుకాణం ముందు గొడుగులే గొడుగులు. మొదటి గిరాకీ ఒక వకీలు గారి గుమాస్తా. పది కట్టలు కావాలన్నాడు. మా ఆయన మీట నొక్కాడు. మొదటి కట్ట వచ్చింది. వచ్చి, వెనక్కి జారకుండా చిలుకల మీద ఎక్కడిదక్కడ కూర్చుంది. రెండో కట్ట వచ్చి దాన్ని ముందుకు తోసింది. మూడోది వచ్చి ఆ రెండింటినీ తోసింది. మొదటిది నేల మీద. తర్వాత రెండోది నేల మీద. ఎంత బుద్ధిగా పేర్చి, ఎంత చక్కగా పిన్ను కొట్టి, ఎంత మర్యాదగా నేల మీద పారేస్తోందో! వాన బురద కాళ్ల మధ్య కాగితాలు. నాకు ఏం చేయాలో తోచక కొంగు చాపి పళ్లెం ముందు నిలబడ్డాను. నోములో వాయనం పుచ్చుకున్నట్టు ఒక్కొక్క కట్టా నా కొంగులో పడుతోంది.

గుమాస్తా కాసేపు చూసి, వదినను పిలిచినట్టు పిలిచి మరాఠీలో మెల్లగా అడిగాడు, “వహినీ, మీరు కూడా మిషన్‌తోనే వచ్చారా?”

నవ్వు ఆగలేదు నాకు. నవ్వితే కొంగు జారింది, కొంగు జారితే కట్టలు జారాయి. గుమాస్తాది నవ్వు, మా ఆయనది ఏడుపు మొహం. అవన్నీ ఏరి సర్దేసరికి మిషన్ ఆగిపోయి ఎర్ర దీపం కొట్టుకోవడం మొదలుపెట్టింది. పళ్లెం నిండింది, కాగితాలు తీయండి అని ఆ దీపానికి అర్థం. తీయడానికి అక్కడ ఏముంది? నా చిలుకలు తప్ప పళ్లెం ఖాళీ. మిషన్‌ను ఆర్పి మళ్లీ వెలిగిస్తే కాసేపు నడిచేది, మళ్లీ దీపం కొట్టుకునేది.

మధ్యాహ్నం అత్తమ్మ మా ఇద్దరికీ సద్ది తెచ్చింది. గడప దాటకుండా, చెప్పులు విప్పకుండా, గిన్నెల సంచి అందించి లోపలికి చూసింది. మా ఆయన నేల మీద పాకుతూ, ఒకాయన కొడుకు టీసీలోంచి ఇంకొకాయన పొలం కాగితాలు విడదీస్తున్నాడు.

“ఏందిరా, మిషన్ కక్కుతుందా?”

“కొత్తది గదమ్మా, జర అలవాటు గావాలె.”

“నీకా, దానికా?” అని అడిగి, చెంగు నోటికడ్డం పెట్టుకుని వెళ్లిపోయింది. ఆవిడ నవ్వుతోందని వెనకనుంచి భుజాలు చూస్తేనే తెలిసింది.

మంగళవారం పక్క ఎస్టీడీ బూత్‌లోంచి నాగపూర్‌కు ఫోన్ చేశాం. మా ఆయన హిందీ కంగారులో తప్పిపోతుంది కాబట్టి మాట్లాడింది నేనే. మిస్త్రీ ఆసుపత్రిలో డాక్టర్ అడిగినట్టు అడిగాడు. కాగితం తడి తగిలిందా? బయటికొచ్చాక అంచులు ఏ పక్కకు లేస్తున్నాయి? పళ్లెంలో మరీ ఎక్కువ కట్టలు పేరుకోనిస్తున్నారా?

“చివరిగా ఒకటి చెప్పండి వహినీ, పళ్లెం మీద ఏమైనా ఉందా?”

“ఏమీ లేదు భయ్యా, ఖాళీగా ఉంది” అన్నాను.

అబద్ధం చెప్పలేదండీ. నా లెక్కలో బట్ట ‘ఏదైనా’ కాదు. మన ఒంటి మీద ఏమైనా ఉందా అంటే తేలు ఉందనో చీమ ఉందనో చెప్తాం గానీ, చీర ఉందని చెప్తామా?

ఇక నా వైద్యం మొదలైంది. తడి సంగతి ముందు పట్టుకున్నాను. మా ఇంట్లో వానాకాలంలో కూడా చెమ్మ తగలని చోటు ఒకటే, వేపాకు వేసి మూత బిగించిన బియ్యం డ్రమ్ము. కాగితం కట్టలను ప్లాస్టిక్ సంచిలో చుట్టి అందులో దాచాను. బుధవారం పొద్దున అత్తమ్మ కేక వీధి చివరిదాకా వినిపించింది.

“ఏమే పిల్లా! మీ ఆయన సంపాదన బాగుపడ్డంక ఇగ బువ్వకు బదులు కాయిదాలు వండుదువా?”

“వండుతా అత్తమ్మా, నంజుకోను ఏం జేయాలె?”

“సిరా చారు పెట్టు!”

డ్రమ్ములో పడుకుని వచ్చిన కాగితం నిజంగానే గరగరలాడింది. అయినా బయటికి రాగానే వేడికి అంచులు పైకి లేచి పడవలా అవుతోంది. దాన్ని చూస్తూ చూస్తూ ఉంటే నాకు ఎండాకాలం మేడ మీద అప్పడాలు జ్ఞాపకం వచ్చాయి. ఎండ తగిలిన వైపుకు అప్పడం లేస్తుంది. తిరగేసి పెడితే మళ్లీ చదునవుతుంది. అంతే కదా, కాగితం కట్టను లోపలి పెట్టెలో తిరగేసి పెట్టాను. పడవలు చాపలయ్యాయి! మా ఆయన ఆ ఒక్క కాగితాన్ని వెలుతురుకు పెట్టి, అటూ ఇటూ తిప్పి, నా వంక కొత్త మనిషిని చూసినట్టు చూశాడు.

పిన్నుల సంగతి మా నాన్న దుకాణం నేర్పింది. మడత పెట్టిన పంచెలు అన్నీ ఒకే వైపు పేర్చుకుంటూ పోతే మడత వైపు ఎత్తయి, వరుస మొత్తం ఒరిగి పడిపోతుంది. ఈ కట్టలకూ పిన్నులన్నీ ఒకే మూలన ఉన్నాయి. అందుకని పది కట్టలు కాగానే తీసి పక్కన పెట్టడం మొదలుపెట్టాను. అదీ కొంత నయం. కానీ కట్ట వెనక్కి జారడం మాత్రం జారదు. వచ్చిన దానిని వచ్చినట్టే చేత్తో వెనక్కి నెట్టాలి. ఎర్ర దీపం కొట్టుకోవడమూ ఆగదు. మా ఆయన మిషన్ కాళ్ల కింద అట్టముక్క పెట్టాడు, తీశాడు, అటు పెట్టాడు, ఇటు పెట్టాడు. గురువారం నాడు అత్తమ్మ గుప్పెడు ఉప్పు తెచ్చి, గిరాకీ అందరి ముందూ మిషన్‌కు దిష్టి తీసి వీధిలో పారేసింది. ఆ రోజు మూడు గంటల దాకా బాగానే నడిచింది. ఆ తర్వాత మళ్లీ మొదలు.

ఇన్ని తంటాల మధ్య నేను ఎంత సంతోషంగా ఉన్నానో చెప్తే నవ్వుతారు. వీధిలో వానలో తడిసిన ఆటో, బజ్జీల బండి, వరోరా బస్సు దొరకలేదని తిట్టుకుంటూ వచ్చిన రైతు, అడ్మిషన్ దొరికిందని మా అందరికీ దూద్ పేడాలు పంచిన తండ్రి. రాత్రి పడుకుంటే నవ్వొచ్చేది. శనివారం గుర్తొస్తే లేచి కూర్చునేదాన్ని.

ఇంకొకటి కూడా గమనించాను. మంగళవారం అత్తమ్మ బెంచీ అంచున కూర్చుంది. బుధవారం చెప్పులు విప్పింది. గురువారం కాళ్లు పైకి మడుచుకుంది. శుక్రవారం ఆకువక్కల డబ్బా తెచ్చుకుని, గొడుగులవాళ్లను వరసలో నిలబెట్టి, “ఏయ్ లంబూ, నువ్వు వెనకకు నడు, గీ పెద్దమనిషి ముందుగాల వచ్చిండు” అని పంచాయితీ చేసింది. పేరుకి రెండు ముద్దల సద్ది తెచ్చి, సాయంత్రం దీపాలు పెట్టే వేళకు గానీ లేవలేదు.

శనివారం వచ్చింది. పొద్దున పదింటికి సాస్తి వైపు బొగ్గు గని ఆఫీసు నుంచి ఒక క్లర్కు బాబు స్కూటర్ మీద వచ్చాడు. పనిలో తీసుకోవలసిన జాగ్రత్తల పాఠాలట, కార్మికులకు పంచాలి. కట్టకు పదహారు కాగితాలు, నూట యాభై కట్టలు, సాయంత్రం నాలుగింటికి కావాలి.

“అయితే చెప్పు, కాకపోతే ఇంకో దుకాణం చూసుకుంట” అన్నాడు.

“అయితది సాబ్” అనేశాడు మా ఆయన. ఆ మాట నోట్లోంచి వచ్చాక ఆయన మొహంలో రక్తం లేదు. మిస్త్రీ టెంపో వచ్చేదీ నాలుగింటికే.

మొదలుపెట్టాం. కట్ట రావడం, నేను చేత్తో నెట్టడం, పది కాగానే తీయడం, దీపం కొట్టుకోవడం, ఆర్పడం, వెలిగించడం. పన్నెండింటికి నలభై కట్టలు కూడా కాలేదు. మా ఆయన స్టూలు మీద కూలబడి మెల్లగా అన్నాడు, “తీసుకపోని. ఇద్దరం గిట్ల చేతులతో నూకుడైతే గీ తోక ఎందుకు మనకు?”

వంటింటి గోడ గడియారం చప్పుడు నాకు అక్కడికి వినిపించింది.

అప్పుడే అత్తమ్మ సద్దితో వచ్చింది. గిన్నెలు దించి, పళ్లెం వైపు చూసి ముక్కు ముడిచింది. వారం రోజుల నల్ల పొడి పడి నా పచ్చ చిలుకలు కాకులైపోయాయి.

“ఛీ ఛీ, శనివారం పూట ఎదురుంగ గింత మురికి బట్టనా? కళ్లు గనవడుతలేవా మీకు?” అంటూ నాడాలు నాలుగూ పుటపుట విప్పేసి, బట్టను చంకన పెట్టుకుని దుకాణం వెనక కొళాయి దగ్గరికి వెళ్లిపోయింది.

“ఇంకో పది తీసి ఆపుదాం” అని మా ఆయన మీట నొక్కాడు.

కట్ట వచ్చింది. నేను చెయ్యి చాపేలోపల, సర్రున వెనక్కి జారి గోడకు ఆనుకుంది. నా చెయ్యి గాలిలోనే ఉండిపోయింది. రెండోది సర్రు. మూడోది సర్రు. ఇరవై అయ్యాయి. తీశాను. దీపం కొట్టుకోలేదు. మళ్లీ ఇరవై. కోసిన మైసూర్‌పాక్! మా ఆయన స్టూలు మీదినుంచి లేచి, కూర్చుని, మళ్లీ లేచి, “ఉప్పు! అమ్మ ఉప్పు పనిచేసింది!” అని అరిచాడు. నేను సర్రు అన్నప్పుడల్లా చప్పట్లు కొడుతున్నాను. జిరాక్స్ కోసం వచ్చిన ఒక మాస్టారు గారు కూడా ఎందుకో ఏమిటో తెలియకుండానే మాతోపాటు కొట్టారు. పళ్లెం అడుగున ఆ శనగబద్ద కన్ను నా వైపే చూస్తోంది. అప్పుడు తట్టింది నాకు. తట్టగానే చప్పట్లు ఆగిపోయాయి. ఆ కన్నుకు గంతలు కట్టిందీ, జారాల్సిన వాలు మీద దోసూతి పరిచిందీ ఎవరు?

మూడున్నరకే నూట యాభై కట్టలూ అయిపోయాయి. బాబు వచ్చి, లెక్క చూసుకుని స్కూటర్‌కు కట్టుకుపోయాడు. నాలుగింటికి మిస్త్రీ దిగాడు. పళ్లెం చూసి, కట్టలు తీసి చూసి, “బాగానే ఉందే! ఏం చేశారు?” అన్నాడు.

మా ఆయన బియ్యం డ్రమ్ము నుంచి ఉప్పు దాకా చెప్పాడు. మిస్త్రీ కాగితం తిరగేయడం విని మెచ్చుకుంటున్నాడు, ఇంతలో వెనక తలుపులోంచి అత్తమ్మ తడి బట్ట దులుపుకుంటూ వచ్చింది. రెండు చిలుకలు, నాలుగు నాడాలు. మిస్త్రీ బట్ట వైపు చూశాడు. పళ్లెం వైపు చూశాడు. పళ్లెం మూలల్లో నాడాల ఒరిపిడి గీతలు చూశాడు. తర్వాత నా వైపు చూశాడు.

“ఇది దీని మీద ఉండిందా? మరి ఫోన్‌లో అడిగాను కదా వహినీ? ఈ బట్ట ఎవరిది?”

నాకు నేల చూడాలనిపించింది, చూశాను.

“నాది” అంది అత్తమ్మ. “ఏం?”

“బట్ట మీద కాగితం జారదు అమ్మా. కింద కన్ను కూడా మూసుకుపోయింది. పాపం మిషన్‌ది తప్పేమీ లేదు.”

“నేనే గట్టిన, నేనే ఇప్పిన. ఖరాబు జేసింది నేనే, బాగు జేసింది నేనే. నీకు వాపసు ఇచ్చేది లేదు. మిషన్ గిక్కడనే ఉంటది. కూసో, చాయ్ తాగి పో.”

మిస్త్రీ పడీ పడీ నవ్వి, చాయ్ తాగి, ఖాళీ టెంపో వేసుకుని వెళ్లిపోయాడు.

దుకాణం మూసి ఇంటికి నడుస్తూ, మా ఆయన నాలుగడుగులు ముందు ఉన్నప్పుడు అడిగాను.

“నాది అని ఎందుకు చెప్పినవ్ అత్తమ్మా?”

“మల్ల ఏం జెయ్యాలె? మిషన్ పోతే నువ్వు ఇంటికొస్తవ్. మీ ఆయన బువ్వకు ఇంటికొస్తడు. ఇగ నేను సద్ది ఎవరికి తేవాలె, దుకాణంకు ఏ ముచ్చట మీద రావాలె?” అంది. పది అడుగులు వేశాక మళ్లీ ఆగింది. “గాని ఒకటి చెప్తున్న. గసువంటి చిలుకలు నేను కుట్టిన అని నలుగురి ముందు చెప్పుకున్న సూడు, గదే నాకు సిగ్గయితుంది. గవి ముక్కులా, కొడవళ్లా?”

సోమవారం నుంచి మిషన్ దగ్గర నేను, వరస దగ్గర ఆవిడ. పళ్లెం మళ్లీ ఎప్పుడూ బట్ట కట్టలేదు. చిలుకల బట్టను ఆవిడ స్టూలుకు కట్టాను, అవే నాడాలతో. పదేళ్లు వాటి మీద కూర్చుని బజారు మొత్తాన్ని అదమాయించింది. ముక్కులు గుచ్చుకుంటున్నాయని రోజుకొక్కసారైనా అనేది.